మెడికల్ సర్జికల్ పోస్టింగ్ పడింది, ముందు ఏం నేర్చుకోవాలి?

సెకండియర్_అమ్మాయి:

అందరికీ నమస్కారం. నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో సంవత్సరం. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. పోయిన సోమవారం నుంచి గవర్నమెంట్ ఆస్పత్రిలో మెడికల్ సర్జికల్ పోస్టింగ్ మొదలైంది. మొదట మేల్ మెడికల్ వార్డు, ఆ తర్వాత ఫిమేల్ సర్జికల్.

పుస్తకం చూస్తేనే భయమేస్తోంది. గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీ, షుగరు, కాలిన కేసులు, క్యాన్సర్, ఆపరేషన్‌కి ముందు, ఆపరేషన్ తర్వాత... ఒక్కో జబ్బుకి కారణాలు, లక్షణాలు, పరీక్షలు, మందులు, నర్సింగ్ కేర్. రాత్రి బట్టీపట్టింది పొద్దున వార్డులో అడుగు పెట్టగానే పోతోంది.

మొన్న మూడో రోజు ఒకటి జరిగింది. వార్డు సిస్టర్ గారు నన్ను 17వ బెడ్ దగ్గర ఆపి "ఈయన ఎలా ఉన్నాడు?" అని అడిగారు. నేను సీఓపీడీ (ఊపిరితిత్తులు పాడై ఏళ్ల తరబడి ఆయాసం తెచ్చే జబ్బు) డెఫినిషన్ మొత్తం గడగడా చెప్పేశాను. ఆవిడ ఓపిగ్గా విని, "అది జబ్బు సంగతమ్మా. నేనడిగింది ఈ తాత ఎలా ఉన్నాడని" అన్నారు. నా నోట మాట రాలేదు. నిజంగా నాకు తెలియదు. పొద్దుటినుంచి నాలుగుసార్లు ఆ బెడ్ పక్కనుంచి వెళ్లాను, ఒక్కసారీ ఆయన్ని సరిగ్గా చూడలేదు.

నాతో చదివే వాళ్లలో ఇద్దరు అప్పుడే క్యాన్యులా (సెలైన్ కోసం నరంలో పెట్టే చిన్న గొట్టం) పెట్టేస్తున్నారు. నాకు చేతులు వణుకుతున్నాయి. సెలైన్ చుక్కల లెక్క ఇప్పటికీ తప్పుతోంది. సీనియర్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఇంత పెద్ద సబ్జెక్టులో ముందు ఏది పట్టుకోవాలి? పరీక్ష కోసం కాదు, వార్డులో మనిషికి నా వల్ల నష్టం జరగకుండా ఉండటానికి.

పాత_వార్డు_సిస్టర్:

అమ్మా, నీ ఆఖరి మాట చూసి ఇది రాయడానికి కూర్చున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

క్యాన్యులా గురించి దిగులు వద్దు. అది చేతి పని. యాభై పెడితే చెయ్యి కుదురుకుంటుంది. రెండు మూడు నెలలు ఆలస్యంగా వస్తే నష్టమేమీ లేదు. ఆలస్యం కాకూడనిది ఇంకొకటి ఉంది: మనిషిని చూడటం, చూసింది లెక్కపెట్టడం, లెక్కపెట్టిందే రాయడం. అందులోనూ మొదట శ్వాస లెక్క.

ఎందుకంటే, నా సంగతే చెబుతాను. 1996. నేను జీఎన్ఎం మూడో ఏడు. మేల్ సర్జికల్‌లో నైట్ డ్యూటీ. ఆ సాయంత్రమే ఒక కుర్రాడికి ప్లీహం తీసేశారు. ఇరవయ్యారేళ్లు. ట్రాక్టరు మీంచి పడి కడుపుకి దెబ్బ తగిలింది. రాత్రి పదింటికి టీపీఆర్ చార్టు (జ్వరం, నాడి, శ్వాస రాసేది) నా చేతికొచ్చింది. అంతకుముందు గడుల్లో శ్వాస 20, 20, 20 అని ఉంది. నేనూ 20 అని రాశాను. పన్నెండింటికి మళ్లీ 20. రెండింటికి మళ్లీ 20. ఒక్కసారీ లెక్కపెట్టలేదు. బీపీ మాత్రం చూశాను. 110/80, బాగానే ఉందనుకున్నాను.

రెండున్నరకి అతని భార్య వచ్చింది. "అమ్మా, ఊరికే దుప్పటి తోసేస్తున్నాడు. నీళ్లు నీళ్లు అంటున్నాడు. బండి తియ్యి, ఇంటికి పోదాం అంటున్నాడు. ఎప్పుడూ ఇలా మాట్లాడడు" అంది. ఆపరేషన్ అయిన రోజు నొప్పికి, మత్తుకి అలాగే ఉంటుంది, పొద్దునకి తగ్గుతుందని చెప్పి పంపేశాను. ఆ పిల్ల వెళ్లి బెడ్ పక్కన నేలమీద కూర్చుంది. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

నాలుగింటికి పక్క వార్డు నుంచి సీనియర్ స్టాఫ్ సిస్టర్ గారు రౌండుకొచ్చారు. ఆవిడ చార్టు చూడలేదు. మొదట అతని ముంజేతి మీద చెయ్యి వేశారు. చల్లగా, చెమటగా ఉంది. నా చెయ్యి తీసుకుని అక్కడ పెట్టించారు. తన వాచీ విప్పి నా అరచేతిలో పెట్టి "నిమిషం లెక్కపెట్టు" అన్నారు. నేను లెక్కపెట్టాను. 32. నాడి 126. బీపీ అప్పుడు కూడా 110! కింది అంకె మాత్రం 80 నుంచి 90కి ఎక్కింది. పదింటికి ఖాళీ చేసిన యూరిన్ బ్యాగులో ఆరు గంటల్లో చేరింది 60 ఎంఎల్. కడుపులోంచి రక్తం బయటికి రావడానికి పెట్టిన డ్రెయిన్‌లో పెద్దగా రక్తం లేదు, ట్యూబులో గడ్డ అడ్డం పడింది. లోపల కారిపోతోంది.

పది నిమిషాల్లో డ్యూటీ డాక్టరుకి కబురు వెళ్లింది. రక్తం తెప్పించారు, మళ్లీ థియేటరుకి తీసుకెళ్లారు. ఆ అబ్బాయి బతికాడు. మూడు వారాల తర్వాత నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. కానీ నా చేతిరాతతో ఉన్న ఆ మూడు 20లు కేస్ షీట్లోనే ఉండిపోయాయి. ఆ సిస్టర్ గారు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కొన్నాళ్లకి మర్చిపోయేదాన్నేమో.

ఇప్పుడు దీని వెనక ఏం జరుగుతుందో అర్థం చేసుకో, అప్పుడు బట్టీ అక్కర్లేదు. పెద్దమనిషి ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. కొంత కారిపోగానే గుండె వేగం పెంచుతుంది. చర్మానికి, కాళ్లకి, చేతులకి వెళ్లే నాళాలు బిగుసుకుంటాయి, అందుకే ఒళ్లు చల్లబడుతుంది. అలా బిగుసుకోవడం వల్లే బీపీ కింది అంకె ఎక్కి, రెండంకెల మధ్య తేడా తగ్గుతుంది. కిడ్నీ నీటిని పట్టి ఉంచుతుంది, మూత్రం తగ్గుతుంది. కణాలకి ఆక్సిజన్ చాలక రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, దాన్ని బయటికి పంపడానికి ఊపిరి వేగమవుతుంది. మెదడుకి తగ్గితే మనిషి కుదురుగా ఉండడు, పొంతన లేకుండా మాట్లాడతాడు. ఇవన్నీ జరుగుతున్నంతసేపూ బీపీ పైఅంకె నిలబడే ఉంటుంది. వయసులో ఉన్నవాళ్లకి లీటరున్నర దాకా పోయినా నిలబడొచ్చు. అది పడిపోయే సమయానికి ఒళ్లు చేయగలిగిందంతా చేసేసి అలసిపోయిందన్నమాట. బీపీ బాగుంది కదా అని కూర్చున్న నేను, అందరికంటే చివర వచ్చే కబురు కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాను.

శ్వాస లెక్కపెట్టే పద్ధతి: నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకో, ఆ చేతిని మెల్లగా అతని పొట్టమీద ఆనించు. నాడి లెక్క అయిపోయినా చెయ్యి తియ్యకు, అలాగే ఇంకో నిమిషం పొట్ట లేవడం లెక్కపెట్టు. ఊపిరి చూస్తున్నామని చెబితే ఎవరైనా సరే ఊపిరి మార్చేస్తారు. పెద్దవాళ్లకి 12 నుంచి 20 మామూలు. అంకె ఒక్కటే కాదు, ఆ నిమిషంలో ఇంకా చాలా కనిపిస్తాయి: మెడ కండరాలు లాగుతున్నాయా, ముక్కు రంధ్రాలు విచ్చుకుంటున్నాయా, ఒక వాక్యం ఆగకుండా చెప్పగలుగుతున్నాడా, పెదాల రంగేమిటి, సెలైన్ పెట్టిన చెయ్యి వాచిందా, యూరిన్ ట్యూబు తొడ కింద నలిగిందా. మీ సిస్టర్ గారు "ఈ తాత ఎలా ఉన్నాడు" అంటే అడిగింది ఇదే.

మూత్రం లెక్క: కిలోకి గంటకి అర ఎంఎల్. అరవై కిలోల మనిషికి గంటకి 30. ఆ రాత్రి ఆరు గంటలకి 180 ఉండాల్సింది, 60 ఉంది. తగ్గిందనిపిస్తే ముందు ట్యూబు మెలిక చూడు, పొట్ట అడుగున మూత్రాశయం ఉబ్బిందేమో చూడు. అవి లేకపోతే వెంటనే చెప్పు, డ్యూటీ అయ్యేదాకా ఆగకు.

చుక్కల లెక్క నీకు తప్పుతోందన్నావు. సూత్రం పక్కన పెట్టు. మామూలు సెట్టులో ఎంఎల్‌కి 20 చుక్కలు, ప్యాకెట్ మీదే ఉంటుంది, చూసుకో. 20 చుక్కల సెట్టు అయితే గంటకి ఎన్ని ఎంఎల్ వెళ్లాలో దాన్ని 3తో భాగించు, నిమిషానికి ఎన్ని చుక్కలో వచ్చేస్తుంది. 500 ఎంఎల్ నాలుగు గంటల్లో అంటే గంటకి 125. మూడుతో భాగిస్తే సుమారు 42 చుక్కలు. మైక్రో సెట్టులో ఎంఎల్‌కి 60 చుక్కలు, కాబట్టి గంటకి ఎన్ని ఎంఎల్లో నిమిషానికి అన్ని చుక్కలే. పెట్టాక సీసాకి ప్లాస్టరు ముక్క అంటించి, మొదలుపెట్టిన టైమూ, గంట గంటకీ ఎక్కడికి దిగాలో గీతలూ రాయి. మనిషి చెయ్యి మడిచినా, పక్కకి తిరిగినా చుక్కలు మారిపోతాయి. గీత చూస్తే దూరం నుంచే తెలుస్తుంది.

మందుల్లో రెండింటి దగ్గర మాత్రం నిన్ను గట్టిగా ఆపుతాను.

ఇన్సులిన్. మన దగ్గర ఎంఎల్‌కి 40 యూనిట్ల సీసాలున్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 40 సీసాలోంచి నారింజ సిరంజితో 20 గీత దాకా తీస్తే వెళ్లేది 8 యూనిట్లే, షుగరు దిగదు. తిరగేసి, 100 సీసాలోంచి ఎర్ర సిరంజితో 20 గీత దాకా తీస్తే వెళ్లేది 50 యూనిట్లు. ఆ మనిషి నిద్రలోనే పోవచ్చు. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె రెండూ పైకి చదివి, పక్కనున్న స్టాఫ్‌కి చూపించాకే ఇవ్వు. భోజనం ప్లేటు బెడ్ దగ్గరికి వచ్చిందో లేదో కూడా చూడు. షుగరు పేషెంటు హఠాత్తుగా చెమటలు పట్టి, చేతులు వణికి, తిక్కగా మాట్లాడితే ముందు గ్లూకోమీటర్ తీసుకో. 70 లోపుంటే, మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించు, పావుగంటకి మళ్లీ చూడు. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకు, అది సెలైన్ దారిలో డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఇవ్వాల్సిన కేసు, డాక్టరుని పిలువు.

పొటాషియం క్లోరైడ్. 10 ఎంఎల్ ఆంప్యూల్, చూడ్డానికి డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ లాగే ఉంటుంది. దాన్ని సిరంజితో నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. ఎప్పుడైనా సరే పెద్ద సీసాలో కలిపి నెమ్మదిగా వెళ్లాల్సిందే. కలిపాక సీసాని పదిసార్లు తిరగెయ్యి, లేకపోతే మందంతా అడుగుకి చేరి మొదట్లోనే వెళ్లిపోతుంది. పెట్టేముందు మూత్రం వస్తోందా అని చూడు. ఇది స్టూడెంటు ఒంటరిగా చేసే పని కాదు. ఎవరైనా తొందరలో చేతికిచ్చినా "సిస్టర్, మీరు పక్కనుండండి" అని అడుగు. అడగడం తప్పు కాదు.

మిగతా పుస్తకం మెల్లగా వస్తుంది తల్లీ. రోజుకి ఒక్క పేషెంటుని పట్టుకో. ఆయన జబ్బు గురించి ఆ రాత్రే చదువు. 17వ బెడ్ తాత మొహంతో చదివిన సీఓపీడీ వైవాలో (నోటి పరీక్షలో) మర్చిపోవు.

బ్రదర్_ఏఎంసీ:

సిస్టర్ గారు సర్జికల్ సైడ్ చెప్పిన్రు, నేను మెడికల్ సైడ్ ఒక్క ముచ్చట చెప్త. మాది పత్తి పండే జిల్లా. పురుగుల మందు తాగిన కేసులు ఏఎంసీకి (అర్జెంటు మెడికల్ కేసులు చూసే వార్డుకు) వస్తనే ఉంటయి. నీ పోస్టింగుల నువ్వూ చూస్తవు చెల్లె.

ఆర్గనోఫాస్ఫేట్ రకం మందైతే వాసన వస్తది, నోట్లకెళ్లి నురగ, చెమట, కంటిపాప సూదిమొన అంత. ముందు గ్లవ్స్ వేసుకో. ఊపిరి సంగతి డాక్టర్లు చూస్తుంటే నువ్వు బట్టలన్నీ తీపించి సంచిల మూటగట్టించు, సబ్బుతోని తలకాయ నుంచి కాళ్ల దాకా కడిగించు. జుట్టు, చెవుల వెనక, గోర్ల సందులు మర్చిపోవద్దు. మందు చర్మం నుంచి గూడ ఎక్కుతనే ఉంటది.

దానికి విరుగుడుగ అట్రోపిన్ పెడుతున్నప్పుడు చాలామంది కంటిపాప ఒక్కటే చూసి ఆగిపోతరు. అట్ల గాదు. ఛాతీ మీద స్టెత్ పెట్టి వినాలె, గరగర పోవాలె. నాడి 80 దాటాలె, బీపీ పైది 80 పైన ఉండాలె, చంకలు ఎండాలె. చంకల చెయ్యి పెట్టి చూసుడు నాకు మా సీనియర్ నేర్పిండు, ఏ మిషన్ అక్కర్లేదు. అట్రోపిన్ ఎక్కువైతే గూడ తెలుస్తది: జ్వరం వస్తది, గాలిల ఏదో పట్టుకుంటున్నట్టు చేతులు ఆడిస్తరు, కడుపు ఉబ్బుతది, మూత్రం ఆగుతది. ఇంటోళ్లు గాలి సోకిందని భయపడతరు. వాళ్లకు చెప్పాలె, డాక్టర్‌కు చెప్పాలె.

ఇగ అసలు ముచ్చట. రెండో రోజు, మూడో రోజు మనిషి లేచి కూసుంటడు, మాట్లాడతడు, ఇంటోళ్లు దేవునికి దండం పెట్టుకుంటరు. అప్పుడే కన్నేసి ఉంచాలె. 24 గంటల నుంచి 96 గంటల మధ్యల కండరాలు పడిపోయి ఊపిరి ఆగొచ్చు. మొదట పోయేది మెడ బలం. అందుకే డ్యూటీ ఎక్కంగనే, మళ్లా రెండు మూడు గంటలకోసారి, "తల దిండు మీదికెళ్లి లేపు" అని అడుగుత. లేపి పట్టుకుంటే మంచిదే. లేపలేకపోతే ఉరికి డాక్టర్‌కు చెప్త, వెంటిలేటర్ బెడ్ ఉందో లేదో అడుగుత. ఒకామెకు పొద్దున తల లేసింది, మధ్యాహ్నం సగమే లేసింది. అప్పుడే పట్టుకున్నం కాబట్టి బతికింది.

నైట్‌డ్యూటీ_స్టాఫ్:

అందరూ చెప్పింది నిజమే. కానీ ఒక మాట అడగనివ్వండి. మా వార్డులో రాత్రిపూట యాభై పైన పేషెంట్లు, నేలమీద పరుపులు వేసి ఇంకో పది మంది. స్టాఫ్ ఒక్కరమే, అదృష్టం బాగుంటే ఇద్దరం. ఇంజెక్షన్లు, సెలైన్లు, కొత్త అడ్మిషన్లు, రికార్డులు. ఒక్కొక్కరికి నిమిషం అంటే గంట అక్కడే అయిపోతుంది. పిల్లలకి ఇలా చెబితే రేపు వాళ్లు ఉద్యోగంలో చేరాక తమదే తప్పని కుమిలిపోతారు. నేను అలా కుమిలిపోయాను కాబట్టి రాస్తున్నాను.

పాత_వార్డు_సిస్టర్:

మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం చెల్లీ. మనుషుల్ని పెంచకుండా పని పెంచితే ఆ భారం మోసేది మనమే. ఆ మాట పై అధికారులకి ప్రతిసారీ, రాతపూర్వకంగా చెప్పాలి. ముప్ఫై ఏళ్లలో నేను రాసిన అర్జీలు చాలానే ఉన్నాయి.

కానీ ఆ రాత్రికి ఆ రాత్రి ఏం చెయ్యాలి? నేను చేసింది చెబుతాను. యాభై మందినీ నిమిషం నిమిషం లెక్కపెట్టలేదు. హ్యాండోవర్ తీసుకున్నాక వార్డంతా ఒక్క చుట్టు తిరిగేదాన్ని, చేతిలో ట్రే లేకుండా. అయిదారు బెడ్ల నంబర్లు అరచేతి మీద రాసుకునేదాన్ని. ఆ రోజు ఆపరేషన్ అయినవాళ్లు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, సాయంత్రం కొత్తగా వచ్చినవాళ్లు, ఇంకా "ఎప్పుడూ ఇలా లేడమ్మా" అని ఇంటివాళ్లు అన్నవాళ్లు. ఈ ఆఖరి రకాన్ని 1996 తర్వాత ఎప్పుడూ వదల్లేదు. అయిదారుగురికి అయిదారు నిమిషాలు. అది ఎంత రద్దీలోనైనా దొరికింది.

మిగతావాళ్లకి ఊపిరి నిలకడగా ఉంటే అర నిమిషం చూసి రెట్టింపు చేసుకోవచ్చు. అదీ కుదరకపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి. ఖాళీ గడి చూస్తే తర్వాత వచ్చేవాళ్లు చూడలేదని తెలుసుకుని చూస్తారు. 20 అని ఉంటే చూడరు. మన పిల్లలకి నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క తేడా. చెయ్యలేకపోయిన పనికి కుమిలిపోవద్దు, చెయ్యని పనిని చేసినట్టు మాత్రం రాయొద్దు.

లీడ్స్_నుంచి:

నేను నెల్లూరు అమ్మాయిని, ఇక్కడ ఇంగ్లండులో సర్జికల్ వార్డులో పని చేస్తున్నాను. సిస్టర్ గారి ట్రాక్టరు కుర్రాడి సంగతి చదివాక ఒక లెక్క వేసి చూశాను, ఆగలేక రాస్తున్నాను.

ఇక్కడ ప్రతి పేషెంటుకీ, పరిస్థితి దిగజారుతోందని ముందే హెచ్చరించే న్యూస్ అనే స్కోరు వేస్తాం. 2012లో మొదలైంది, 2017లో న్యూస్ 2 వచ్చింది. చార్టులో మొట్టమొదటి వరుస శ్వాసదే. 12 నుంచి 20 అయితే సున్నా. 21 నుంచి 24 అయితే 2 మార్కులు. 25కి చేరినా, 8కి దిగినా 3. నాడి, బీపీ, ఆక్సిజన్, జ్వరం, స్పృహ, ఇలా అన్నిటికీ మార్కులుంటాయి. మొత్తం 5 వస్తే డాక్టరు త్వరగా వచ్చి చూడాలి, 7 వస్తే ఎమర్జెన్సీ టీమ్‌ని పిలవాలి.

ఆ కుర్రాడికి వేద్దాం. శ్వాస 32కి 3. నాడి 126కి 2. బీపీ 110కి 1. కొత్తగా పొంతన లేని మాటలకి 3. మొత్తం 9. అందులో బీపీ వాటా ఒక్క మార్కే! భార్య వచ్చి చెప్పిన మాటకి మూడు. ఆమె మాట ఒక్కటే చాలు, ఆ క్షణంలో వెళ్లి చూడటానికి. ఇక్కడ చార్టులో ఒక్క అంశానికే 3 పడినా కబురు చెయ్యాలి.

చెల్లీ, ఇంకొకటి. డాక్టరుకి ఫోన్ చెయ్యాలంటే భయపడతావు, నేనూ భయపడేదాన్ని. "సార్, పేషెంటు బాలేదు సార్" అని ఆపేస్తే అవతలివాళ్లకి ఏమీ అర్థం కాదు. ముందు కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకో: నేనెవరు, ఏ బెడ్, ఇప్పుడేమైంది, ఎందుకు చేరాడు, ఏ ఆపరేషన్ ఎప్పుడైంది, నేను చూసిన అంకెలు, నాకేమనిపిస్తోంది, మీ నుంచి నాకేం కావాలి. "సార్, సర్జికల్ వార్డు నుంచి, 9వ బెడ్, సాయంత్రం ప్లీహం ఆపరేషన్ అయిన అబ్బాయి. శ్వాస 32, నాడి 126, బీపీ 110/90, ఆరు గంటల్లో మూత్రం 60. ఒళ్లు చల్లగా ఉంది, లోపల రక్తం పోతోందేమోనని భయంగా ఉంది. మీరు ఇప్పుడే రావాలి సార్." ఇరవై సెకన్లు పట్టదు. ఆ చివరి వాక్యం నమిలి మింగెయ్యకు.

సెకండియర్_అమ్మాయి:

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నిన్న, ఇవాళ జరిగింది చెప్పాలి.

నిన్న పొద్దున 17వ బెడ్ తాత దగ్గర చెయ్యి పొట్టమీద పెట్టి నిమిషం లెక్కపెట్టాను. చార్టులో 22 అని ఉంది. నాకు 34 వచ్చింది. నమ్మకం కలగక మళ్లీ లెక్కపెట్టాను, 33. ముందుకి వంగి, మోకాళ్లమీద చేతులు ఆనించుకుని కూర్చున్నాడు. మెడ దగ్గర గుంటలు పడుతున్నాయి. "అన్నం తిన్నావా తాతా" అంటే "తి... న్లేదు" అని రెండు ఊపిర్లలో చెప్పాడు. లీడ్స్ అక్క చెప్పినట్టు నాలుగు ముక్కలు చేతిమీద రాసుకుని సిస్టర్ గారికి చెప్పాను. ఆవిడ వెంటనే వచ్చారు, డ్యూటీ డాక్టరు గారూ వచ్చారు, రక్తంలో ఆక్సిజన్ 84 శాతం ఉంది. నెబ్యులైజర్ పెట్టారు, ముక్కు గొట్టాలతో రెండు లీటర్ల ఆక్సిజన్ పెట్టారు. మధ్యాహ్నానికి 26కి దిగింది.

తర్వాత వాళ్లబ్బాయి, ఇంకా త్వరగా తగ్గుతుందని ఆక్సిజన్ నాబ్ తిప్పి ఎనిమిదికి పెట్టాడు. సిస్టర్ గారు పరుగున వచ్చి తగ్గించారు. ఆయాసంగా ఉన్న మనిషికి ఆక్సిజన్ ఎక్కువిస్తే మంచిదే కదా? అడుగుదామంటే ఆవిడ అప్పటికి అడ్మిషన్‌లో ఉన్నారు.

పాత_వార్డు_సిస్టర్:

34! బంగారు తల్లీ, మళ్లీ లెక్కపెట్టావు చూడు, అది ఇంకా బాగుంది.

ఏళ్ల తరబడి బీడీలు తాగి ఊపిరితిత్తులు పాడైనవాళ్లలో కొందరికి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. వాళ్లకి ఆక్సిజన్ అతిగా ఇస్తే అది ఇంకా పేరుకుపోతుంది. అందుకే అలాంటివాళ్లకి మనం చూసుకోవాల్సింది 88 నుంచి 92 మధ్య. 98 చూపిస్తే సంతోషించకు, ఎవరో నాబ్ తిప్పారేమో చూడు. అలాగని ఆక్సిజన్ తీసెయ్యడం మాత్రం ఎప్పుడూ చెయ్యకు, 84తో వదిలేస్తే ఆయన ప్రాణానికే ప్రమాదం. మధ్యేమార్గంలో ఉంచడమే పని.

నువ్వు కనిపెట్టుకోవాల్సింది నిద్ర. పొద్దుటినుంచి ఆయాసపడిన మనిషి హాయిగా నిద్రపోతున్నాడనిపిస్తే భుజం తట్టి లేపు. కళ్లు తెరిచి ఊరి పేరు చెబితే మంచిదే. లేవకుండా మగతగా మూలిగితే, అరచేతులు వేడిగా ఎర్రగా ఉంటే, చేతులు ముందుకి చాచమంటే తూలిపడుతున్నట్టు ఆడితే, అది నిద్ర కాదు. వెంటనే పిలవాలి. ఆ మగతలో శ్వాస 34 నుంచి 14కి దిగొచ్చు. అంకె ఒక్కటే చూసినవాళ్లు తగ్గిందనుకుంటారు.

ఆయన్ని పడుకోబెట్టే ప్రయత్నం చెయ్యకు. కార్డియాక్ టేబుల్ (బెడ్ మీదికి జరిపే చిన్న బల్ల) ఉంటే దానిమీద దిండు వేసి ముందుకి వాలనివ్వు, లేకపోతే లాకరుకి దిండు ఆనించు. అన్నం ఒకేసారి పెట్టకు, నాలుగు ముద్దలు, కాస్త ఆగి నాలుగు ముద్దలు. ఆక్సిజన్ గొట్టం ఆనే చోట చెవుల వెనక చర్మం ఒరుసుకుపోతుంది, దూది పెట్టు. ఎప్పుడూ కూర్చునే ఉంటాడు కాబట్టి పిరుదుల మీద రోజూ చూడు, ఎర్రబడితే వేలితో నొక్కి చూడు, తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే. వాళ్లబ్బాయిని కోప్పడకండి, నాబ్ ఎందుకు తిప్పకూడదో కూర్చోబెట్టి చెప్పు. రాత్రి కాపలా ఉండేది అతనే, మగత సంగతి అతనికి తెలియాలి.

నువ్వు 34 చూసిన టైము, ఎవరికి చెప్పావో, ఏం చేశారో రాశావా?

సెకండియర్_అమ్మాయి:

రాశాను సిస్టర్. 9.40కి చూశాను, 9.45కి చెప్పాను. కింద సంతకం పెట్టించారు. ఇవాళ రాత్రి నుంచి నాకు ఆ వార్డులోనే నైట్ డ్యూటీ. తాతని రెండు గంటలకోసారి లేపి ఊరి పేరు అడుగుతాను, వాళ్లబ్బాయికి సాయంత్రమే చెబుతాను. సెకన్ల ముల్లున్న వాచీ కొన్నాను, యాప్రాన్‌కి పిన్ను పెట్టుకునేది. ఇంకేమైనా తీసుకెళ్లాలా?

పాత_వార్డు_సిస్టర్:

చిన్న టార్చి పట్టుకెళ్లు. అర్ధరాత్రి లైట్లన్నీ వేస్తే వార్డంతా లేస్తుంది, చీకట్లో పెదాల రంగు తెలియదు.

బ్రదర్_ఏఎంసీ:

కంటిపాప చూడనీకె గూడ పనికొస్తది. సెల్ ఫోన్ లైటు కండ్లల్ల కొట్టకు చెల్లె, మస్తు గట్టిగుంటది.